చిన్నాయన అర ఎకరం, సీఎస్‌ఈ సీటు

బీటెక్‌కి ఎంతవుతుందని అడిగితే మనవాళ్లు ఏడాది ఫీజును నాలుగుతో హెచ్చవేసి చెబుతారు. ఎంత వస్తుందని అడిగితే ఊళ్లో ఎవరబ్బాయి అమెరికాలో ఉంటే ఆ అబ్బాయి జీతం చెబుతారు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని పొలాలు అమ్ముకుంటున్నారు. బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్లు చూసేది నేనే కాబట్టి ఇలాంటి లెక్కలు రోజూ వింటూనే ఉంటాను. 2025లో ఆ లెక్క మా ఇంట్లోకే వచ్చింది.

మా చిన్నాయన వాళ్లది మిర్యాలగూడ దగ్గర పల్లెటూరు. సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాలు, టౌన్లో రైస్ మిల్లులో గుమాస్తా పని. కూతురు పెద్దది, కొడుకు చిన్నవాడు. పిల్లవాడికి ఎంసెట్‌లో ముప్పై ఎనిమిది వేల పైన ర్యాంకు వచ్చింది (పరీక్ష పేరు ఈఏపీసెట్ అని మారినా మా ఇళ్లలో అది ఎంసెటే). ఇంకా వెబ్ ఆప్షన్లు కూడా మొదలవ్వలేదు, ఒక కన్సల్టెన్సీ ఆయన తగులుకున్నాడు. హైదరాబాద్ శివార్లలో ఒక కాలేజీ, మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్), డొనేషన్ ఎనిమిది లక్షలు. "మీరు మంచోళ్లని ఎనిమిదికి మాట్లాడిన, బయట పది నడుస్తుంది" అన్నాడట.

చిన్నాయన ఫోన్ చేశాడు. "రోడ్డు పక్క అర ఎకరం తీసేద్దామనుకుంటున్న బిడ్డా. పద్దెనిమిది దాక వస్తయంటున్నరు. నువ్వు సరే అంటే రేపే అడ్వాన్సు తీసుకుంట."

నేను సరే అనలేదు, వద్దనీ అనలేదు. ఆదివారం వస్తాను, అప్పటిదాకా ఎవరి దగ్గరా ఒక్క రూపాయి పట్టుకోవద్దన్నాను.

వెళ్లి కూర్చున్నాక చిన్నమ్మ పాత క్యాలెండర్ కాగితం వెనక వైపు తిప్పి ఇచ్చింది. దాని మీద రాశాం. డొనేషన్ 8 లక్షలు. కాలేజీ ఫీజు ఏడాదికి లక్షా ఇరవై వేలు, నాలుగేళ్లకు 4.8 లక్షలు. హాస్టల్ ఏడాదికి లక్షా పది వేలు, అది 4.4 లక్షలు. లాప్‌టాప్, పరీక్ష ఫీజులు, యూనిఫాం, రికార్డులు, చివర్లో ప్రాజెక్టు ఖర్చు, అన్నీ కలిపి తక్కువలో తక్కువ 80 వేలు. కూడితే సరిగ్గా పద్దెనిమిది లక్షలు. పొలం ధరకూ సీటు ధరకూ ఇంత బాగా సరిపోవడం చూసి చిన్నాయన సంతోషపడ్డాడు. నాకైతే ఆ కన్సల్టెన్సీ ఆయన ముందే పొలం రేటు కనుక్కుని వచ్చాడేమో అనిపించింది.

ఇందులో మొదటి ఎనిమిది లక్షలకు రసీదు ఉండదు. డొనేషన్ తీసుకోవడం మన దగ్గర 1983 నుంచీ చట్టప్రకారం నేరం. అందుకే అది నోట్ల కట్టలుగా పోతుంది, తిరిగి అడగడానికి చేతిలో కాగితం ఉండదు. బ్యాంకు కూడా కాలేజీ ఇచ్చే ఫీజు కాగితం చూసే లోన్ ఇస్తుంది. కాబట్టి డొనేషన్ మాత్రం ఎప్పుడూ ఇంట్లోంచే రావాలి: పొలం, పుస్తెలతాడు, లేదంటే నూటికి రెండు రూపాయల వడ్డీ. పైగా మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే సర్కారు కట్టే ఫీజు, రాదు. చిన్నాయనకు ఈ సంగతి తెలియదు. మీసేవ నుంచి ఇన్‌కమ్ సర్టిఫికెట్ తెచ్చి జాగ్రత్తగా కవర్లో పెట్టుకున్నాడు కూడా. పల్లెల్లో బీసీ కుటుంబానికి ఆదాయ పరిమితి లక్షన్నర. ఆ సర్టిఫికెట్టూ, పద్దెనిమిది లక్షల సీటు లెక్కా ఒకే మంచం మీద పక్కపక్కన ఉన్నాయి. నేనేమీ అనలేదు.

రెండో లెక్క కన్వీనర్ కోటాది, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటుది. వాడి ర్యాంకుకు పేరున్న కాలేజీల్లో సీఎస్‌ఈ దొరకడం కష్టం, నల్లగొండ వైపు కాలేజీల్లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వస్తుంది. ఫీజు అరవై వేలనుకున్నాం. తెలంగాణలో కాలేజీని బట్టి ఫీజు మారుతుంది. 2025లో కనిష్ఠం 45 వేలు, హైదరాబాద్‌లోని సీబీఐటీ లాంటి చోట కన్వీనర్ సీటుకే లక్షా అరవై అయిదు వేలు. పది వేల లోపు ర్యాంకు వస్తే మొత్తం ఫీజు సర్కారు కడుతుంది. దాటితే బీసీలకు 35 వేలే. ఆ 35 వేలు ఉమ్మడి రాష్ట్రంలో 2012లో పెట్టిన పరిమితి. ఫీజులు పెరుగుతూ వచ్చాయి, అది మాత్రం అక్కడే ఉండిపోయింది. మనవాడికి చేతి నుంచి కట్టాల్సింది ఏడాదికి పాతిక వేలు, నాలుగేళ్లకు లక్ష. ఇంటి నుంచి కాలేజీ బస్సుకు ఏడాదికి 28 వేలు, అది లక్షా పన్నెండు వేలు. లాప్‌టాపూ మిగతావీ అవే 80 వేలు. మొత్తం రెండు లక్షల తొంభై రెండు వేలు.

తేడా పదిహేను లక్షల పైమాటే.

"అయితే మాత్రం సీఎస్‌ఈ సీఎస్‌ఈనే గద బిడ్డా. అది సదివితేనే కంపెనీలు తీస్కుంటయంట" అన్నాడు చిన్నాయన.

ఆ మాటను కొట్టిపారేయలేం. కొన్ని పెద్ద కంపెనీలు క్యాంపస్‌కి వచ్చి సీఎస్‌ఈ వాళ్లనే రాయనిస్తాయి. కానీ అలాంటి కంపెనీలు వచ్చే కాలేజీలు వేరు. టీసీఎస్ లాంటి సర్వీసు కంపెనీలు మూకుమ్మడిగా తీసుకునే ఉద్యోగాలకు బ్రాంచితో పనిలేదు. ఈసీఈ, ఈఈఈ, ఆఖరికి సివిల్ వాళ్లు కూడా అదే పరీక్ష రాసి అదే జీతానికి చేరతారు. కాబట్టి ఆ పదిహేను లక్షలు పెట్టి కొంటున్నది బ్రాంచినా, కాలేజీనా, ఉద్యోగమా అన్నది ముందు తేలాలి.

ఆ కాలేజీ గేటు ముందు ఫ్లెక్సీ ఫోటో కన్సల్టెన్సీ ఆయన వాట్సాప్‌లో పంపాడు. ఒక అమ్మాయి నవ్వుతున్న ఫోటో, కింద 44 లక్షల ప్యాకేజీ. ఆ అమ్మాయి కష్టం ఆ అమ్మాయిది, శుభం. కానీ ఆ కాలేజీలో సీఎస్‌ఈ పేరుతో, దానికి ఏఐ, డేటా సైన్స్ అని తోకలు తగిలించిన బ్రాంచులతో కలిపి ఏడాదికి వెయ్యి మందికి పైగా చేరుతున్నారు. సీట్ల సంఖ్య మీద ఉన్న పరిమితిని ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ 2024లో ఎత్తేశాక ఈ సెక్షన్లకు అంతూపొంతూ లేకుండా పోయింది. మనకు కావాల్సింది ఫ్లెక్సీ మీది అమ్మాయి జీతం కాదు, ఆ వెయ్యి మందిలో సరిగ్గా మధ్యలో నిలబడ్డ పిల్లవాడి జీతం.

దాన్ని కనుక్కోవడం ఎవరికీ కష్టం కాదు. కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కు దరఖాస్తు చేసే ప్రతి కాలేజీ తన లెక్కలను ఒక పీడీఎఫ్‌గా ఇస్తుంది, దాన్ని సొంత వెబ్‌సైట్‌లోనూ పెడుతుంది. అందులో ఎంతమంది చేరారు, ఎంతమంది నాలుగేళ్లలో పాసై బయటపడ్డారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఉద్యోగం వచ్చినవాళ్ల మధ్యస్థ జీతం ఎంత, పై చదువులకు వెళ్లినవాళ్లెందరు అన్నీ వరసగా ఉంటాయి. తమ్ముడి ఫోన్లోనే తెరిచాం. వాడు చకచకా కిందికి జరుపుతుంటే ఆపి, చేరినవాళ్ల గడి మీదా నాలుగేళ్లలో పాసైనవాళ్ల గడి మీదా వేలు పెట్టి చూపించాను. రెంటికీ మధ్య ఉన్నవాళ్లలో చాలామంది బ్యాక్‌లాగుల్లో ఉన్నవాళ్లే. వాళ్లకు క్యాంపస్ లేదు, ఫ్లెక్సీ లేదు, ప్రతి సప్లిమెంటరీకీ ఫీజు మాత్రం ఉంది. మధ్యస్థ జీతం మూడున్నర లక్షలు. అది కూడా ఉద్యోగం వచ్చినవాళ్లలోనే మధ్య మనిషిది.

మా వాడు ఆ అంకెను చాలాసేపు చూసి, "అక్కా, ఇది నెలకా?" అన్నాడు. పాపం, ఇంటర్ రెండేళ్లూ హాస్టల్ గోడల మధ్య ఉన్నవాడికి లక్షలంటే నెలకో ఏడాదికో ఎవరూ చెప్పలేదు.

మూడున్నర లక్షలంటే ఏమిటో చిన్నమ్మకు అర్థమయ్యేలా చెప్పాల్సి వచ్చింది. నేను ఈసీఈ పాసైంది 2011లో. అప్పుడు మా బ్యాచ్‌లో క్యాంపస్‌లో సెలెక్టయినవాళ్లకు ఏడాదికి మూడు లక్షల చిల్లర. ఆ ఏడాది తులం బంగారం 26 వేల చుట్టూ ఉండేది. అంటే మొదటి ఏడాది జీతానికి పదకొండు తులాల పైన. ఇప్పుడు టీసీఎస్‌లో మామూలుగా చేరే ఫ్రెషర్‌కి 3.36 లక్షలు. తులం 2025లో లక్ష దాటింది. లక్ష చొప్పునే వేసుకున్నా మూడు తులాల చిల్లర. చిన్నమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "అంటే జీతం పెరగనే లేదా?" అంది. పదిహేనేళ్ల సాఫ్ట్‌వేర్ చరిత్రను ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరనుకుంటా. చేరిన తర్వాత పెరుగుతుంది, కంపెనీ మారితే ఇంకా పెరుగుతుంది, అది నిజమే. నేను చెబుతున్నది గడప దాటే దగ్గరి సంగతి. గడప అక్కడే ఉంది, దాని దాకా నడిచే ఖర్చు మాత్రం బాగా పెరిగింది.

బ్యాంకు మనిషిని కాబట్టి ఇంకో లెక్క కూడా వేశాను. ఆ పదిహేను లక్షలను ఏడు శాతానికి డిపాజిట్ చేస్తే నెలకు సుమారు ఎనిమిది వేల ఎనిమిది వందలు వస్తాయి, అసలు అలాగే ఉంటుంది. అంటే ఆ కాలేజీలో సీఎస్‌ఈ చదివినవాడు నల్లగొండ వైపు ఈసీఈ చదివినవాడి కంటే నెలకు ఆమాత్రం ఎక్కువ సంపాదిస్తే అప్పుడు ఇద్దరూ సమానమైనట్టు. ఆ పైన వచ్చిందే లాభం. చిన్నాయన పొలం అమ్మి డిపాజిట్ చెయ్యడనుకోండి. పొలం పొలంగా ఉంటుంది, ఏటా కౌలో పంటో వస్తుంది, ధరా పెరుగుతుంది. అందుకే నా లెక్క నిజానికి సీటుకే కాస్త అనుకూలంగా ఉంది.

ఇంతవరకూ చెప్పింది ఎవరైనా కాగితం మీద వేసుకోగలిగేదే. ఏ కాగితం మీదా ఉండనిది ఇంకోటి ఉంది. చివరి పరీక్ష రాసిన రోజుకూ మొదటి జీతం పడిన రోజుకూ మధ్య కాలం. ఇళ్లు కుంగేది ఫీజు కట్టే నాలుగేళ్లలో కాదు, ఆ మధ్య కాలంలో. ఇది నేను ఫైళ్లలో చూసి చెబుతున్న మాట.

ఒక ఫైలు గురించి చెబుతాను, ఊరూ పేరూ వద్దు. తండ్రిది బస్టాండ్ దగ్గర టిఫిన్ బండి. కొడుకు బీటెక్‌కి నాలుగు లక్షల లోన్ తీసుకున్నాడు. నాలుగు లక్షల దాకా తాకట్టు గానీ వేరేవాళ్ల పూచీ గానీ అక్కర్లేదు, అందుకే చాలామంది అక్కడే ఆగుతారు. ఏడాదికి లక్ష చొప్పున కాలేజీ ఖాతాకు వెళ్లింది. చదువు అయిపోయి ఇంకో ఏడాది గడిచేదాకా వాయిదాలు కట్టక్కర్లేదు. ఈ మాటను మనవాళ్లు "అప్పటిదాకా వడ్డీ లేదు" అని వింటారు. వడ్డీ ఉంటుంది. సాధారణ వడ్డీయే, కానీ రోజూ నడుస్తుంది. పది శాతం లెక్కన మొదటి లక్షకు అయిదేళ్లలో యాభై వేలు, రెండో లక్షకు నలభై, మూడోదానికి ముప్పై, నాలుగోదానికి ఇరవై. వాయిదాలు మొదలయ్యే రోజుకు అప్పు అయిదు లక్షల నలభై వేలు.

ఆయన పాస్‌బుక్ ప్రింట్ వేయించుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. ఆఖరి వరస మీద గోరుతో గీశాడు. గోటి సందులో పిండి ఎండి తెల్లగా ఉంది. "నాలుగే గద మేడం తీసుకున్నది, ఈ అయిదు నలభై ఎవరిది?" అన్నాడు. నెలకు దాదాపు తొమ్మిది వేలు, ఏడేళ్లు కట్టాలి. మొత్తం ఏడున్నర లక్షలు. తల్లిదండ్రుల ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే చదువు కాలంలో వడ్డీని కేంద్రమే భరించే పథకం ఒకటుంది. కానీ దానికి కాలేజీకి నాక్ గానీ ఎన్‌బీఏ గానీ గుర్తింపు ఉండాలి. వాళ్లబ్బాయి చదివిన కాలేజీకి రెండూ లేవు. అడ్మిషన్ రోజున ఆ మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆ అబ్బాయికి ఫైనలియర్‌లోనే ఆఫర్ లెటర్ వచ్చింది. ఇంటిల్లిపాదీ స్వీట్లు పంచారు. జాయినింగ్ డేట్ మాత్రం రాలేదు. వచ్చే నెల, పై నెల అంటూ మెయిళ్లు. ఈలోగా ఖాళీగా ఉంటే మర్చిపోతాడని అమీర్‌పేటలో ఫుల్ స్టాక్ కోర్సు, హాస్టలు, చేతి ఖర్చులు. నెలకు పది పన్నెండు వేలు బండి మీది నుంచే వెళ్లాయి. పది నెలలు చూసి చూసి చివరికి ఇంకేదో చిన్న కంపెనీలో ఏడాదికి రెండు లక్షల నలభై వేలకు చేరాడు. చేతికి వచ్చేది పద్దెనిమిది వేలు. అందులో తొమ్మిది వేలు మా బ్యాంకుకే. హైదరాబాద్‌లో మిగతా తొమ్మిదితో ఎలా ఉంటున్నాడని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు, ఇంకా ఇంటి నుంచే పంపుతున్నారట.

మంచి అబ్బాయే, ఒక్క బ్యాక్‌లాగు లేదు. తప్పెవరిదని వెతకడం నా పని కాదు. కానీ ఆ పది నెలలకు ముందే డబ్బు పక్కన పెట్టి ఉంటే ఆ ఇంట్లో అంత టెన్షన్ ఉండేది కాదు. అందుకే లోన్ కోసం వచ్చే వాళ్లందరికీ ఒకటే చెబుతున్నాను. నాలుగేళ్ల ఖర్చు రాసుకున్నాక, కింద ఇంకో ఏడాది ఖర్చు రాయండి. వీలైతే చదువుకునే రోజుల్లోనే వడ్డీ అన్నా నెలనెలా కట్టెయ్యండి, చాలా బ్యాంకులు దానికి ఒక శాతం తగ్గిస్తాయి కూడా. విని ఊ కొట్టి వెళ్తారు. కట్టేవాళ్లు తక్కువ.

చిన్నాయన ఇదంతా విని కాసేపు బీడీ కాల్చుకుని వచ్చాడు. వచ్చి, అసలు మాట అప్పుడు చెప్పాడు. "ఇంటర్‌కే మూడు లక్షలు పెట్టినం బిడ్డా. అంత పెట్టి ఇప్పుడు మామూలు కాలేజీలేస్తే నలుగురేమంటరు?" కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో రెండేళ్లకు ఆ మూడు లక్షలూ పోయిన మాట నిజం. ఏ సీటు తీసుకున్నా అవి తిరిగి రావు. తప్పిపోయిన దూడను వెతకడానికి ఆవును కూడా రాత్రిపూట అడవిలోకి తోలినట్టు ఉంటుంది మన పద్ధతి. తర్వాత రెండో మాట: సాఫ్ట్‌వేర్ అయితే సంబంధాలు బాగొస్తాయి. మూడో మాట: పక్కింటి వాళ్లబ్బాయి ఎమ్మెస్‌కి వెళ్లి డాలర్లు పంపి డాబా కట్టించాడు. ఆ ఎమ్మెస్‌కి ఇంకో ముప్పై నలభై లక్షలు, ఇల్లో పొలమో తాకట్టు. ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా మేం తాకట్టు లేకుండా ఇవ్వం మరి. ఆ తర్వాత సెప్టెంబరులో అమెరికా వాళ్లు కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు అనగానే చిన్నాయనే ఫోన్ చేసి ఆ వార్త నాకు చదివి వినిపించాడు.

"నువ్వు గూడ ఇంజనీరింగే గద సదివింది, నువ్వు బాగలేవా?" అని చిన్నమ్మ అడిగింది. బాగానే ఉన్నాను. 2007లో చేరాను, రెండో ఏడాది నుంచి రీయింబర్స్‌మెంట్ వచ్చింది, అప్పటి నుంచి నాన్న కట్టింది హాస్టల్ ఖర్చే. ఫైనలియర్‌లో నాకు క్యాంపస్ రాలేదు. బ్యాంకు పరీక్షలు రాసి 2013లో పీవోగా (ప్రొబేషనరీ ఆఫీసర్‌గా) చేరాను. దానికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ట్రాన్సిస్టర్ బయాసింగ్ గురించి ఇప్పటిదాకా ఒక్క కస్టమరూ నన్నడగలేదు. లెక్కల మీద భయం పోయిందీ, హైదరాబాద్ బస్సెక్కే ధైర్యం వచ్చిందీ ఇంజనీరింగ్ వల్లే అంటే ఒప్పుకుంటాను. ఆ ధైర్యానికి మా నాన్న పొలం అమ్మాల్సి వచ్చుంటే మాత్రం నేను ఏమనేదాన్నో.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు కన్వీనర్ సీటైతే మొత్తం ఫీజు సర్కారుదే. ఆ ఇళ్ల లెక్క వేరు. కూలికి వెళ్లే తల్లి కొడుకు నెలకు పాతిక వేల జీతంతో మొదలుపెడితే అది మూడు తులాలా నాలుగు తులాలా అని అడిగే హక్కు నాకు లేదు. అక్కడి కష్టం బకాయిలతో వస్తుంది. సర్కారు నుంచి డబ్బు రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపుతుంది, ఉద్యోగంలో చేరడానికి ఒరిజినల్స్ అడుగుతారు, పిల్లలు అప్పు చేసి విడిపించుకుంటారు. వాళ్లలో కొందరు గోల్డ్ లోన్ కోసం మా కౌంటర్‌కే వస్తారు.

పదో తరగతి దగ్గరే ఈ లెక్క వేసుకునేవాళ్లకు ఇంకా దారులున్నాయి. సర్కారు బడిలో బాగా చదివే పల్లెటూరి పిల్లలకు బాసర ట్రిపుల్‌ఐటీ ఉంది, పదో తరగతి మార్కుల మీదే సీటు, ఆరేళ్ల చదువు, మధ్యలో ఇంటర్ కాలేజీ ఖర్చూ ఎంసెట్టూ లేవు. పాలిసెట్ రాస్తే గవర్నమెంట్ పాలిటెక్నిక్‌లో ఏడాదికి అయిదు వేల లోపే ఫీజు, తర్వాత ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి. మా వాడి విషయంలో ఆ రోజులు దాటిపోయాయి.

ఇన్ని మాటల మధ్య చిన్నాయన కూతురు మాకు టీ ఇచ్చి గోడకు ఆనుకుని నిలబడి వింటోంది. మా చెల్లి. మిర్యాలగూడలోనే బీకామ్ చదివింది, మూడేళ్లకు ఇంటి నుంచి పెట్టింది బస్సు పాసు, పుస్తకాలు, అంతే. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో అమెరికా కంపెనీల బిల్లులు సరిచూసే పని, చేతికి ఇరవై రెండు వేలు. బీటెక్ వాళ్ల కంటే ఒక ఏడాది ముందే సంపాదన మొదలుపెట్టింది. ఇంటర్‌లో తమ్ముడి కంటే తనకే మార్కులు ఎక్కువ. అప్పుడు అర ఎకరం మాటెవరూ ఎత్తలేదు. నాకూ ఫోన్ రాలేదు. ఆ మాట నేను పైకి అనేశాను. చిన్నాయన నేల చూశాడు. చెల్లి మాత్రం నవ్వి, "నన్ను అడిగితే నేను ఆ పద్దెనిమిది లక్షలకు కౌలు లెక్క చెప్పేదాన్ని అక్కా" అంది. తర్వాత క్యాలెండర్ కాగితం తీసుకుని నా కూడిక సరిచూసింది.

పొలం అమ్మలేదు. జులైలో ఫస్ట్ ఫేజ్‌లోనే నల్లగొండ వైపు కాలేజీలో ఈసీఈ వచ్చింది. కన్సల్టెన్సీ ఆయన ఫోన్ చేసి "ఇంకో లక్ష తగ్గిస్తా" అన్నాడట, ఆ తర్వాత ఇంకో లక్ష. రెండుసార్లు తగ్గాక చిన్నాయనకే నవ్వొచ్చిందట. లోన్ అక్కర్లేదన్నాడు, మిల్లు జీతంలోంచి కడతానన్నాడు. ఆ అయిదో ఏడాది కోసం చెల్లి తన పేరున మా బ్రాంచిలో రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టింది, నెలకు రెండు వేలు. అందులో సగం తండ్రి ఇవ్వాలని ముందే ఒప్పందం రాయించుకుంది. వాడేమో స్నేహితులంతా హాస్టల్లో ఉన్నారు, తనకూ హాస్టలే కావాలని కూర్చున్నాడు. బస్సుకు 28 వేలు, హాస్టల్‌కి 90 వేలు. ఆ పంచాయితీ చిన్నమ్మ దగ్గర నడుస్తోంది. నన్ను పిలిచారు గానీ, దసరా సెలవుల తర్వాత వస్తానని చెప్పాను.